రంపం మోతలో గిటారు శ్రుతి: పెడల్ లేని వాళ్లు ఏ ట్యూనర్ కొనాలి

నా దగ్గర గిటారు నేర్చుకునే ఒక కుర్రాడు పోయిన వేసవిలో, తీగల శ్రుతి సరిగ్గా ఉందో లేదో చూపే పెడల్ ట్యూనర్ తెప్పించుకున్నాడు. ఇంటర్ పరీక్షలు అయ్యాక రెండు నెలలు ఒక సెల్‌ఫోన్ల కొట్టులో పనిచేసి దాచుకున్న డబ్బు అది. పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, దీన్ని ఎక్కడ తగిలించాలి?" అని అడిగాడు. చేతిలోకి తీసుకుని చూశాను. బరువైన డబ్బా. పైన కాలితో నొక్కే మీట, ఒక పక్క గిటారు నుంచి వచ్చే కేబులుకు చోటు, ఇంకో పక్క శబ్దాన్ని పెంచే యాంప్‌కు వెళ్లే కేబులుకు చోటు. వాడి గిటారేమో మామూలు కొయ్య గిటారు. దానికి కేబులు పెట్టే రంధ్రమే లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

వాడిని తిట్టలేకపోయాను. ట్యూనర్ అని వెతికితే ముందుగా కనిపించేవి అవే. పెద్ద వేదికల మీద ఎలక్ట్రిక్ గిటారు వాయించే వాళ్లకు అవి నిజంగా అవసరం కూడా. కాలితో ఒక్క నొక్కు నొక్కితే యాంప్‌కు శబ్దం ఆగిపోతుంది, చీకట్లో కూడా దీపాలు స్పష్టంగా కనిపిస్తాయి, తీగ బిగించే టింగు టింగు జనానికి వినపడదు. మన సంగతి వేరు. ఒక గిటారు, మహా అయితే ఒక కేబులు, చర్చిలోనో పందిట్లోనో మైక్ సెట్ వాళ్లు పెట్టిన యాంప్. ఇంతే సామాను ఉన్న వాళ్లకు ఏది కొంటే పని జరుగుతుందో చెబుతాను.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. ఉండేది ఒంగోలులో. కర్నూలు రోడ్డు మీద రోజూ బస్సు. ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాను, సాయంత్రాలు మేడ మీద ఐదారుగురికి నేర్పిస్తాను. పదిహేనేళ్లలో ఆరు ట్యూనర్లు కొన్నాను. రెండు పోగొట్టుకున్నాను, ఒకటి విరగ్గొట్టాను, ఒకదాన్ని మా అక్క కూతురు పట్టుకుపోయింది. మిగిలిన రెండింటితో బండి నడుస్తోంది. ఈ ఆరింటి వల్ల నాకు తెలిసింది ఒకటే: కొనే ముందు చూడవలసింది గిటారును కాదు, అట్ట మీద అచ్చు వేసిన అంకెలనూ కాదు. మీరు ఏ చోట కూర్చుని శ్రుతి చేస్తారో ఆ చోటును చూడాలి.

ఫోను ఎక్కడ చాలు, ఎక్కడ చాలదు

శనివారం క్వైర్ ప్రాక్టీసు ఉంటుంది కాబట్టి ఆ రోజు గిటారు నాతోపాటే పనికి వస్తుంది. మొదట్లో మధ్యాహ్నం భోజనం అయ్యాక నా గది తలుపు వేసుకుని ఫోనులో ట్యూనర్ యాప్ తెరిచేదాన్ని. గోడకు అవతల గెలాక్సీ గ్రానైట్ బ్లాకును కోసే రంపం, ఇవతల పాలిష్ లైను. సూది చూస్తే పూనకం వచ్చినట్టు ఊగేది. ఒకరోజు రంపాలు ఆగి ఉన్నాయి, నేను తీగను ఇంకా ముట్టుకోనే లేదు, అయినా యాప్ 'జి' అనే స్వరం చూపిస్తోంది. జి కంటే కొంచెం ఎక్కువ, సూది కదలడం లేదు. గది కిటికీ పక్కనే మా ట్రాన్స్‌ఫార్మర్. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది; ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనేది దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్. గిటారు లావు తీగను మూడో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీ) దగ్గర నొక్కితే వచ్చే జి 98 హెర్ట్జ్. పాపం ఆ యాప్ తప్పు చెప్పలేదు. దాని చెవిలో పడినదాన్నే చెప్పింది.

ఫోనుతో ఉన్న చిక్కంతా ఇదే. అది మైకుతో వింటుంది. గిటారు గొంతునూ, ఫ్యాను గొంతునూ, పక్కింటి మిక్సీ గొంతునూ ఒకే చెవితో వింటుంది. అలాగని ఫోనును తీసిపారేయకండి. ఇంట్లో ఒక్కరే కూర్చుని నేర్చుకుంటున్న వాళ్లు మొదటి ఆరు నెలలు పైసా ఖర్చు పెట్టనక్కరలేదు. గిటార్‌టూనా లాంటి ఉచిత యాప్ చాలు. అది ఆరు తీగలనూ బొమ్మ వేసి, ఏ తీగ ఏ మరకు చుట్టి ఉందో చూపిస్తుంది. కొత్తవాళ్లకు క్లిప్పు ట్యూనర్ కంటే ఈ బొమ్మే ఎక్కువ మేలు చేస్తుంది. ఫ్యాను ఆపండి, ఫోనును గిటారు గుండ్రటి రంధ్రానికి జానెడు దూరంలో పెట్టండి, యాప్ అడిగినప్పుడు మైకుకు అనుమతి ఇవ్వండి. మధ్యలో ఎవరైనా ఫోను చేస్తే తీగ సగంలో ఆగిపోతుంది. దానికి మందు లేదు.

మీరు శ్రుతి చేసే చోట ఇంకో మనిషి గొంతు వినిపిస్తుంది అంటే చాలు, ఫోను పని అక్కడితో సరి. మా చర్చిలో ఆరాధనకు పావుగంట ముందు ఎలా ఉంటుందో ఊహించుకోండి. కీబోర్డు తమ్ముడు ఏదో వాయిస్తూ ఉంటాడు, డోలక్ వాయించే ఆయన తాళ్లు బిగిస్తూ ఉంటారు, సండే స్కూలు పిల్లలు వాక్యాలు అప్పజెబుతూ ఉంటారు, మైకులో "చెక్, చెక్" అని ఒకరు. అక్కడ ఫోను తీయడం చేపల మార్కెట్‌లో రహస్యం చెప్పడం లాంటిది.

క్లిప్పు ట్యూనర్

కాబట్టి నా సలహా ఇప్పుడే చెప్పేస్తాను. పెడల్ లేని వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది కొనవలసింది క్లిప్పు ట్యూనర్. బట్టలు ఆరేసే క్లిప్పు లాంటి పట్టు, దాని మీద చిన్న తెర. గిటారు చివర మరలు ఉండే తల భాగానికి తగిలిస్తారు. పట్టు లోపల పీజో అనే చిన్న బిళ్ల ఉంటుంది. చెక్క అదిరితే ఆ అదురును విద్యుత్తుగా మారుస్తుంది. అది గాలిలో శబ్దాన్ని వినదు, కొయ్యను తాకి తెలుసుకుంటుంది. గోడ అవతల గెలాక్సీ బ్లాకు రెండు ముక్కలవుతున్నా, నా గిటారు కొయ్యలో అదిరేది నా తీగే కాబట్టి అది నా తీగనే చూపిస్తుంది. మా యూనిట్‌లో మొదటిసారి తగిలించిన రోజు రంపం నడుస్తుండగానే ఆరు తీగలూ రెండు నిమిషాల్లో పూర్తయ్యాయి. అప్పటి వరకు నేను చెవిలో వేలు పెట్టుకుని, గిటారును గడ్డం కింద నొక్కుకుని, ఎముకల్లోంచి వినే ప్రయత్నం చేసేదాన్ని. నవ్వకండి, అది కూడా పనిచేస్తుంది.

నా మొదటి క్లిప్పుకు 350 రూపాయలు ఇచ్చాను. ఇప్పుడు వాడుతున్నదానికి దాదాపు నాలుగింతలు పెట్టాను. రెండూ శ్రుతి చూపించడంలో పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే మెడ దగ్గర. తెరను మన వైపు తిప్పుకోవడానికి ఒక చిన్న గుండు కీలు ఉంటుంది చూశారా, చవకవాటిలో ముందు పోయేది అదే. నాది ఒక శనివారం బస్సు దిగేటప్పుడు సంచి తలుపుకు తగిలి మెడ విరిగింది. తెర వేరు, మొండెం వేరు. రబ్బరు బ్యాండుతో కట్టి ఏడాది లాగించాను. కొట్టులో చూసేటప్పుడు ఆ మెడను నాలుగు వైపులకూ తిప్పండి. వదులుగా వాలిపోతే వద్దు, కిర్రుమని పట్టేసినా వద్దు.

రెండో సంగతి, తప్పకుండా క్రొమాటిక్ రకమే తీసుకోండి. కొన్ని ట్యూనర్లు ఈ, ఏ, డి, జి, బి, ఈ అనే ఆరు తీగల స్వరాలనే గుర్తుపడతాయి. క్రొమాటిక్ అయితే పన్నెండు స్వరాలనూ చూపిస్తుంది. "నాకు ఆరు తీగలే కదా, పన్నెండు ఎందుకు?" అని అడుగుతారు. పాడేవాళ్లు మీ తీగలకు తగ్గట్టు పుట్టలేదు కాబట్టి. మా చర్చిలో పాడే ఒక అమ్మాయి గొంతుకు నాలుగు శ్రుతి సుఖంగా ఉంటుంది, అంటే ఇంగ్లీషు లెక్కలో ఎఫ్. అప్పుడు మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) బిగించి 'ఈ' కార్డు (కలిపి మీటే స్వరాల గుంపు) ఆకారం పట్టుకుంటాను. కేపో బిగించగానే తీగలు కొంచెం పైకి లాగినట్టు అవుతాయి, మళ్లీ సరిచూడాలి. ఇప్పుడు తీగలు ఎఫ్, ఏ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, సి, ఎఫ్. ఆరు స్వరాలే తెలిసిన ట్యూనర్ వీటిని చూసి తెల్లమొహం వేస్తుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. చాలా క్లిప్పుల్లో అదురుతో పాటు మైకుతో వినే ఏర్పాటు కూడా ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మైకు వైపు మార్చి, పాడేవాళ్లను సుఖమైన చోట 'స' పట్టమనండి. వాళ్ల శ్రుతి ఏదో అదే చెబుతుంది.

440 ఎవరిది?

ఇక్కడ మా మామయ్య గురించి చెప్పాలి. ఆయన ఊళ్లలో పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. కృష్ణుడు పద్యం ఎత్తి రాగం తీస్తూ పావుగంట దిగకపోతే, అంతసేపూ గాలి కొడుతూ వెంట నడిచిన చెయ్యి. ఇప్పుడు ఒంట్లో ఓపిక తగ్గి, క్రిస్మస్‌కు మాత్రం పెట్టె తీస్తారు. ఒక డిసెంబరులో ఆయనతో కలిసి వాయించాలని కూర్చున్నాను. ట్యూనర్ పెట్టుకుని ఆరు తీగలూ పచ్చదీపం వెలిగేదాకా సరిచేశాను. మొదటి కీర్తన అందుకున్నామో లేదో, ఇంట్లో వాళ్లందరి ముఖాలూ చింతపండు తిన్నట్టయ్యాయి. గిటారు ఒక దారి, హార్మోనియం ఒక దారి. మామయ్య వాయించడం ఆపి, "అమ్మాయ్, నీ బొమ్మ చెప్పింది కదా సరిగ్గా ఉందని, మరి నా పెట్టె చెడిపోయిందంటావా?" అన్నారు.

పెట్టె చెడిపోలేదు. దాని రీడ్లు వేరే కొలతకు ఉన్నాయి. ట్యూనర్లు కొన్నప్పుడు 440 అనే కొలత మీద ఉంటాయి. ఏ అనే స్వరం సెకనుకు 440 సార్లు అదరాలి అని దాని అర్థం. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఈ అంకెకు ఒప్పుకుంది, 1955లో ఐఎస్ఓ ప్రమాణంగా ప్రకటించింది. ఈ చరిత్ర చెబితే మామయ్య, "లండన్ వాళ్లు నా పెట్టెను అడిగి పెట్టారా?" అన్నారు. అడగలేదు. గిటారు తీగను తిప్పగలం, హార్మోనియం రీడును కూర్చున్న చోట తిప్పలేం. కాబట్టి వంగవలసింది గిటారే.

అది ఎలాగో చెబుతాను, ఎందుకంటే ట్యూనర్‌తో వచ్చే చీటీలో ఈ ముక్క రాయరు. ట్యూనర్‌ను మైకు వైపు మార్చండి. హార్మోనియం మీద ఆరు శ్రుతి మెట్టును, అంటే 'ఏ' అనే స్వరాన్ని, కొంచెంసేపు పట్టమనండి. సూది సరిగ్గా మధ్యలో ఉంటే అది 440. మామయ్య పెట్టెకు 20 సెంట్లు (పక్కపక్క ఫ్రెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ చూపించింది. 'ఏ' స్వరం దగ్గర నాలుగు సెంట్లకు దాదాపు ఒక హెర్ట్జ్ లెక్క. 20 సెంట్లంటే ఐదు. ట్యూనర్‌లో కొలత మార్చే బటన్ నొక్కుతూ 440ని 445 చేశాను. మళ్లీ ఆ మెట్టు నొక్కితే సూది మధ్యకు వచ్చింది. తర్వాత అదురు వైపు మార్చి, గిటారు తీగలన్నీ ఆ 445 మీద సరిచేశాను. రెండో కీర్తనకు మామయ్య ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మెప్పు.

ఈ కొలత మార్చే సదుపాయం చాలా క్లిప్పుల్లో 430 నుంచి 450 దాకా ఉంటుంది. పాత హార్మోనియంతోనో, ఇంకే కదలని వాద్యంతోనో వాయించేవాళ్లు ఇది లేని ట్యూనర్ కొనకండి. ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. సంచిలో పెట్టినప్పుడు బటన్ దానంతట అదే నొక్కుకుపోయి 440 కాస్తా 438 అయి కూర్చుంటుంది. మీరు గమనించరు, తెర పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, చర్చిలో కీబోర్డుతో మాత్రం కలవదు. మామయ్య సంగతి అయ్యాక నేనే కొలతను వెనక్కి తేవడం మరిచిపోయి, తర్వాతి ఆదివారం 445 మీద వెళ్లి కీబోర్డు తమ్ముడితో గొడవ పెట్టుకున్నాను. తప్పు నాదని తెలిశాక అతనికి టీ ఇప్పించాను. తెర వెలిగిన క్షణం ఆ అంకెను చూడడం అలవాటు చేసుకోండి.

సెంట్ల లెక్క

సెంటు అనగానే మన వాళ్లకు పొలం గుర్తొస్తుంది. ఎకరాకు వంద సెంట్లు. సంగీతంలోనూ అదే లెక్క, పక్కపక్కన ఉన్న రెండు ఫ్రెట్ల మధ్య దూరం వంద సెంట్లు. అట్ట మీద ఒకదానికి ఒక సెంటు తేడాలో చూపిస్తుందని రాసి ఉంటుంది, ఇంకోదానికి సెంటులో పదోవంతు అని ఉంటుంది. పీటర్సన్ వాళ్ల స్ట్రోబోక్లిప్ లాంటివి అంత సన్నగా కొలుస్తాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. గిటార్లు మరమ్మతు చేసేవాళ్లకు, రికార్డింగు చేసేవాళ్లకు అది పనికొస్తుంది. మనకు అక్కరలేదు. మామూలు చెవి ఒకదాని తర్వాత ఒకటిగా విన్నప్పుడు ఐదారు సెంట్ల తేడాను పట్టుకోవడమే కష్టం. పైగా కార్డు పట్టేటప్పుడు వేలితో కాస్త గట్టిగా నొక్కితేనే తీగ నాలుగైదు సెంట్లు పైకి పోతుంది. సరిహద్దు రాయి వెంట్రుకవాసి తేడా లేకుండా పాతించి, చేనులోకి గేదెను వదిలినట్టు.

టీసీ ఎలక్ట్రానిక్ వాళ్ల పాలీట్యూన్ క్లిప్పు ఇంకో రకం. ఆరు తీగలనూ ఒకేసారి మీటితే ఏది తప్పిందో ఒకే చూపులో చూపిస్తుంది. పాటల మధ్య పది సెకన్లే దొరికే వాళ్లకు బాగుంటుంది. నాకు అయ్యగారి ప్రార్థన అంత సమయం ఉంటుంది కాబట్టి కొనలేదు.

కొట్టుకు వెళ్తే మీ గిటారును వెంట తీసుకెళ్లండి. ఒంగోలులో దొరకలేదని విజయవాడో చెన్నైయో వెళ్లినా సరే, గిటారును మోసుకెళ్లండి. తగిలించి ముందు ఆరో తీగను, అన్నిటికంటే లావుదాన్ని మీటండి. దాని స్వరం 82.4 హెర్ట్జ్, చవక ట్యూనర్లు తడబడేది అక్కడే. తెర మీద 'ఈ' బదులు 'బి' అని వస్తే ఆశ్చర్యపోకండి. ప్రతి తీగా తన అసలు స్వరంతో పాటు దాని రెట్టింపునూ మూడింతలనూ కూడా పలుకుతుంది, 'ఈ' అనే స్వరానికి మూడింతలు వెళ్తే వచ్చేది 'బి'. తీగను పిక్‌తో కాకుండా బొటనవేలి మెత్తని భాగంతో, పన్నెండో ఫ్రెట్ పైన, నెమ్మదిగా మీటి చూడండి. అప్పటికీ 'ఈ' రాకపోతే ఆ ట్యూనర్‌ను తిరిగి అద్దాల బీరువాలోనే పెట్టమనండి. తర్వాత గిటారును వాయించే తీరులో పట్టుకుని, తెర మీ కంటికి కనిపిస్తుందో లేదో చూడండి. వీలైతే తలుపు బయటకు వచ్చి ఎండలో చూడండి. లోపల రంగురంగుల నెమలి ఈకలా మెరిసే తెర మన మే నెల ఎండలో నల్ల పలకలా కనిపిస్తుంది. రాత్రి పందిట్లో వాయించేవాళ్లకు ఈ బాధ లేదు.

సెల్లు ఏ రకమో కూడా అడగండి. ఎక్కువ వాటికి సీఆర్ 2032 అనే బిళ్ల సెల్లు పడుతుంది. ఆ అంకెలో రహస్యం ఏమీ లేదు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. గడియారాల కొట్టులో అడిగితే ఇస్తారు. ఒకటి ఎప్పుడూ గిటారు సంచిలో ఉండాలి. తెర మసకబారింది అంటే సెల్లు అయిపోతున్నట్టు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ బిళ్లలను వాళ్ల చేతికి అందనివ్వకండి. మింగితే ప్రాణం మీదకు వస్తుంది.

తిప్పే పద్ధతి

ట్యూనర్ ఎంత మంచిదైనా తీగను తిప్పేది మీ చెయ్యే. నేను నేర్పే పిల్లల్లో ఎనిమిదో తరగతి పాప ఒకటో తీగను మీటుతూ రెండో తీగ మరను తిప్పింది. తెర మీద సూది కదలదు కదా, ఇంకా తిప్పింది, ఇంకా తిప్పింది. రెండో తీగ ఠప్పున తెగి చేతికి గీసుకుంది. అప్పటి నుంచి నా దగ్గర ఒక నియమం. తిప్పే ముందు తీగ వెంట వేలు పోనిచ్చి మర దాకా వెళ్లాలి. ఇంకో గమనిక: చాలా క్లిప్పులు స్వరం పేరే చెబుతాయి, అది పై స్థాయిదో కింది స్థాయిదో చెప్పవు. కాబట్టి కొత్త తీగ వేసినప్పుడు పాత తీగ ఎంత బిగువుగా ఉండేదో చేతికి గుర్తుండాలి.

మీటిన మొదటి క్షణంలో తీగ కాస్త ఎక్కువ పలికి, తర్వాత కుదురుకుంటుంది. గట్టిగా మీటితే ఇది మరీ ఎక్కువ. కాబట్టి నెమ్మదిగా మీటి, అరక్షణం ఆగి, అప్పుడు సూదిని నమ్మండి. మిగతా తీగలను అరచేతితో మూసి ఉంచండి. ఎప్పుడూ కింది నుంచి పైకి రండి. స్వరం ఎక్కువైపోతే దించి అక్కడే ఆపకుండా, ఇంకొంచెం కిందకు దించి మళ్లీ పైకి తీసుకురండి. మర పళ్ల మధ్య వదులు ఉంటుంది. పై నుంచి దించి వదిలేస్తే ఆ వదులు రెండో పాటలో బయటపడుతుంది. ఆరు అయ్యాక మళ్లీ మొదటి నుంచి ఒకసారి చూడండి, ఎందుకంటే ఒక్కో తీగ బిగుస్తుంటే కొయ్య కాస్త వంగి మిగతావి జారతాయి. కొత్త తీగలైతే ఒక్కోదాన్ని మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ సరిచేసి, ఇలా నాలుగైదు సార్లు చేస్తే గానీ నిలవవు.

అన్నీ పచ్చగా వెలిగాక కూడా "జి కార్డు ఎక్కడో గుచ్చుతోంది అక్కా" అనే పిల్లలు ఉంటారు. వాళ్ల చెవి మంచిది. గిటారు ఫ్రెట్లు పన్నెండు స్వరాలనూ సమానంగా పంచుకున్నాయి, ఆ పంపకంలో గాంధారం సహజంగా ఉండవలసిన దానికంటే 14 సెంట్లు పైన పడింది. దాన్ని సరిచేద్దామని రెండో తీగను దించితే జి కార్డు తియ్యగా అవుతుంది, వెంటనే 'ఈ' కార్డు చెడుతుంది. వదిలేయండి. ట్యూనర్ చెప్పినట్టే ఉంచండి.

వాతావరణం కూడా మన జిల్లాల్లో పెద్ద మనిషే. ఎండకు ఇనుప తీగ సాగి స్వరం దిగుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు కొయ్య చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, తీగలు బిగిసి స్వరం పైకి పోతుంది. ఇంట్లో శ్రుతి చేసుకుని కొత్తపట్నం బీచికి వెళ్లి వాయిద్దామనుకోకండి, అక్కడికి వెళ్లాకే చేయండి. ఏసీ హాలు అయితే లోపలికి వెళ్లి పది నిమిషాలు గిటారును బయటకు తీసి ఉంచి, అప్పుడు మొదలుపెట్టండి. కారులో వదిలేసిన క్లిప్పు రబ్బరు ఎండకు మెత్తబడి గిటారుకు అంటుకుంటుంది, కాబట్టి పని అయ్యాక తీసి సంచి జేబులో వేయండి.

ఇక మిగతా రకాలు. మీ గిటారుకు జాక్ (కేబులు పెట్టే రంధ్రం) ఉండి, పక్కన బటన్ల పెట్టె ఉంటే అందులోనే ట్యూనర్ ఉండవచ్చు. ఉంటే వేరే కొనకండి. అది ఎక్కువగా 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. కేబులు పెట్టి వదిలేస్తే చాలా గిటార్లలో వాయించకపోయినా ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, అందుకని వాయించడం అయిపోగానే కేబులు లాగేయండి. చేతిలో పట్టుకునే డబ్బా ట్యూనర్లు ఇంకా దొరుకుతున్నాయి. 1975లో కోర్గ్ కంపెనీ డబ్ల్యూటీ-10 అని సూదితో చూపేదాన్ని తెచ్చింది, ఇప్పటివి దాని మనవలు. జాక్ ఉన్న ఎలక్ట్రిక్ గిటారును కేబులుతో నేరుగా దానికి పెట్టుకోవచ్చు, బయటి మోత అంటదు. కొన్నింటిలో టిక్కు టిక్కుమని తాళం కొట్టే మెట్రోనోమ్ కూడా ఉంటుంది, తాళం తప్పేవాళ్లకు రెండు పనులు ఒకే డబ్బుతో అవుతాయి. నేను పోగొట్టుకున్న రెండింటిలో ఒకటి అదే, ఇప్పటికీ బాధగా ఉంది.

అన్నిటికంటే చవకైనది ట్యూనింగ్ ఫోర్క్, కొడితే ఒకే స్వరం పలికే రెండు కొమ్ముల లోహపు కడ్డీ. 1711లో జాన్ షోర్ అనే ఇంగ్లీషు ట్రంపెట్ విద్వాంసుడు తయారుచేసింది. సెల్లు అక్కరలేదు, మెడ విరగదు. 440 అని చెక్కి ఉన్నది తీసుకోండి. మోకాలికి కొట్టి, కాడను గిటారు కొయ్యకు ఆనించండి. ఒకటో తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే స్వరం అదే. అది కలిశాక మిగతా తీగలను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ వెళ్లాలి. ఆరో తీగ ఐదో ఫ్రెట్ అంటే ఐదో తీగ, అలాగే కిందకి. మూడో తీగ దగ్గర మాత్రం నాలుగో ఫ్రెట్ నొక్కితేనే రెండో తీగ. రెండు స్వరాలు దగ్గరపడుతున్నప్పుడు ఊం, ఊం అని ఒక ఊగు వినిపిస్తుంది. అది నెమ్మదించి ఆగిపోతే కలిసినట్టు. వారానికి ఒకరోజు మా పిల్లల చేత క్లిప్పు తీయించి ఇలా చేయిస్తాను, చివర్లో క్లిప్పు పెట్టి ఎవరు ఎన్ని సెంట్లు తప్పారో రాయిస్తాను. రెండు నెలల్లో అంకెలు తగ్గడం చూస్తే వాళ్లకే సరదా.

పెడల్ కొన్న కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. మా చర్చిలో బేస్ గిటారు వాయించే అబ్బాయికి అది నిజంగా కావాలి, వాడికి కేబులూ ఉంది, యాంపూ ఉంది. కొన్న ధరకు ఐదు వందలు తగ్గించి అతనికే అమ్మించాను. వచ్చిన డబ్బులో ఒక క్లిప్పు, రెండు సెట్ల తీగలు, ఒక కేపో, ఒక ఫోర్క్ వచ్చాయి. ఇంకా మిగిలితే గిటారుకు సంచి కొనమన్నాను, ఇప్పటిదాకా దుప్పటిలో చుట్టి తెచ్చేవాడు.